పోర్ట్ స్కాన్‌లను ఆపడం, రాసుకోవడం: గుంటూరు కోల్డ్ స్టోరేజీలో ఫైర్‌వాల్ కేస్ స్టడీ

గుంటూరు మిర్చి యార్డుకు దగ్గర్లో ఉన్న ఒక కోల్డ్ స్టోరేజీలో చేసిన పని ఇది. కంపెనీ పేరు చెప్పను. నెట్‌వర్క్ ఎలా ఉండేదో, ఏం మార్చానో, ట్రాఫిక్‌ను రాసుకునే లాగ్‌లో చివరికి ఏం దొరికిందో మాత్రం వివరంగా చెబుతాను. ఇలాంటి సెటప్‌లే రైస్ మిల్లుల్లో, ఆస్పత్రుల్లో, కాలేజీల్లో చూస్తుంటాను కాబట్టి అక్కడ పనిచేసే వాళ్లకు పనికొస్తుంది.

వాళ్ల పాత రూటర్ సెక్యూరిటీ లాగ్ నిండా పోర్ట్ స్కాన్ హెచ్చరికలే ఉండేవి. మేనేజరు గారు ఆ పేజీలు ప్రింట్ తీసి యజమాని ముందు పెట్టారు. ఆయన టెన్షన్ పడి నాకు ఫోన్ చేశారు. “ఏవండీ, ఎవరో రాత్రీ పగలూ మన తలుపులన్నీ తట్టి చూస్తున్నారంట. ముందు వాళ్లను ఆపండి” అన్నారు.

ఆయన చెప్పిన పోలిక సరైనదే. పోర్టు అంటే ఒక్కో సర్వీసుకు నంబరు వేసిన తలుపు లాంటిది. ఒక ఐపీ చిరునామాకు టీసీపీలో (కనెక్షన్ పెట్టుకుని డేటా పంపే పద్ధతి) 65,535 పోర్టులు. స్కాన్ చేసేవాడు ఒక్కో పోర్టుకు సిన్ ప్యాకెట్ (కనెక్షన్ మొదలుపెడదామా అని అడిగేది) పంపుతాడు. సిన్-యాక్ (సరే అనే జవాబు) తిరిగొస్తే లోపల ఏదో సర్వీసు వింటోంది, రీసెట్ వస్తే ఆ పోర్టు మూసి ఉంది, ఏమీ రాకపోతే చాలావరకు మధ్యలో ఫైర్‌వాల్ ఉన్నట్టు. అయితే ఇదంతా ఈ ఒక్క కంపెనీ మీద పగబట్టి చేస్తున్నది కాదు. 2013లో మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు తెచ్చిన జీమ్యాప్ అనే టూల్, గిగాబిట్ లైను మీద 45 నిమిషాల్లోపే మొత్తం ఐపీవీ4 ఇంటర్నెట్‌లో ఒక పోర్టును చూసేయగలదు. అదే ఏడాది మాస్‌స్కాన్ కూడా వచ్చింది. పబ్లిక్ ఐపీ ఉన్న ఎవరికైనా స్కాన్‌లు తప్పవు. కాబట్టి ‘స్కాన్‌లు ఆగాలి’ అన్నదాన్ని లక్ష్యంగా పెట్టుకుంటే పని ఎప్పటికీ పూర్తి కాదు. యజమానికి నేను చెప్పింది ఇది: బయటివాళ్లకు కనబడేది తగ్గిద్దాం, మొండిగా తిరిగేవాళ్లను కాసేపు బ్లాక్ చేద్దాం, అన్నిటికన్నా ముఖ్యంగా మన లోపలి నుంచి ఎవరైనా స్కాన్ చేస్తున్నారేమో రాసుకుందాం. మూడోది ఆయనకు వింతగా అనిపించింది. చివరికి ఉపయోగపడింది అదే.

పాత నెట్‌వర్క్

ఫైబర్ లైను మీద ఒక స్టాటిక్ ఐపీ. లోపల అంతా కలిపి ఒకటే నెట్‌వర్క్, 192.168.1.0/24. ట్యాలీ సర్వర్, వేబ్రిడ్జి కంప్యూటర్, కెమెరాల రికార్డర్, చాంబర్ల టెంపరేచర్ కంట్రోలర్, లారీ డ్రైవర్లూ రైతులూ వాడుకునే వైఫై, అన్నీ అందులోనే. కంట్రోలర్ మాడ్‌బస్ టీసీపీ (పారిశ్రామిక పరికరాలు మాట్లాడుకునే పద్ధతి) మీద, పోర్టు 502లో మాట్లాడుతుంది. మాడ్‌బస్‌కు పాస్‌వర్డ్ అనేదే లేదు. ఆ పోర్టును అందుకోగలిగిన ఎవరైనా కంట్రోలర్‌కు విలువలు రాసేయవచ్చు. చాంబర్లలో ఉన్నది రైతుల సరుకు. అందుకే నాకు ట్యాలీ కన్నా దీని భయమే ఎక్కువ.

యజమాని దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, బయట మొబైల్ కనెక్షన్ నుంచి ఎన్‌మ్యాప్ అనే స్కాన్ టూల్‌తో స్కాన్ చేశాను. ఎన్‌మ్యాప్ మామూలుగా ఎక్కువగా వాడే 1000 పోర్టులనే చూస్తుంది. నేను మొత్తం చూడమన్నాను. 23, 80, 443, 554, 3389 తెరిచి ఉన్నాయి. 443 కావాలని తెరిచిందే, వ్యాపారులు తమ లాట్ల నిల్వ చూసుకునే పేజీ అది. 3389 హైదరాబాద్‌లో ఉండే ఆడిటర్ కోసం పెట్టిన రిమోట్ డెస్క్‌టాప్. మిగతా మూడూ కెమెరాల రికార్డర్‌వి. పెట్టిన వాళ్లు మొబైల్‌లో కెమెరాలు కనిపించాలని రికార్డర్‌ను రూటర్‌లో డీఎంజెడ్ హోస్ట్‌గా పెట్టి వెళ్లిపోయారు. అంటే వేరే చోటికి మళ్లించని ప్రతి పోర్టూ నేరుగా దాని దగ్గరికే. 23 అంటే టెల్‌నెట్, పాస్‌వర్డ్‌ను కూడా దాచకుండా పంపే పాత రిమోట్ లాగిన్. అది తెరిచి ఉండటం చూశాకే ఈ పని తొందరగా ముగించాలనిపించింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. పాత రూటర్‌లో ఆటో బ్లాక్ ఆన్ చేసి ఉండేది. అది ప్యాకెట్లను లెక్కపెట్టి బ్లాక్ చేసేది. సిగ్నల్ సరిగ్గా లేని చోట ఫోన్ ఒకే పోర్టుకు మళ్లీ మళ్లీ సిన్ పంపుతుంది, దాన్నీ స్కాన్ అనుకునేది. పైగా మొబైల్ కంపెనీలు ఒక పబ్లిక్ ఐపీ వెనక చాలామందిని పెడతాయి. వాళ్లలో ఏ ఒక్కరి ఫోన్ పాడైనా అందరూ బ్లాక్ అవుతారు. యజమాని గారి సొంత ఫోన్‌లోనే కెమెరాలు తరచూ ఆగిపోవడానికి కారణం ఇదే అని నా అంచనా.

రూల్స్ వెనక ఆలోచన

రెండు నెట్‌వర్క్ పోర్టులున్న చిన్న కంప్యూటర్ మీద డెబియన్ 12 లైనక్స్, దాని మీద ఎన్‌ఎఫ్‌టేబుల్స్ అనే ఫైర్‌వాల్. 2014లో లైనక్స్ 3.13తో వచ్చిన ఇది పాత ఫైర్‌వాల్ ఐపీటేబుల్స్ స్థానాన్ని తీసుకుంది. ఐపీటేబుల్స్‌లో స్కాన్ పట్టడానికి చాలామంది రీసెంట్ మాడ్యూల్ వాడేవారు. అది మామూలుగా 100 చిరునామాలనే గుర్తుపెట్టుకుంటుంది. ఇవాళ్టి ఇంటర్నెట్‌లో వంద ఏ మూలకూ చాలదు. లెక్కపెట్టేది కూడా ప్యాకెట్లనే, పాత రూటర్ చేసిన పొరపాటే అది.

నాకు కావాల్సింది ‘ఒకే చిరునామా నుంచి ఎన్ని వేర్వేరు పోర్టులు తాకారు’ అన్న లెక్క. ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లో దీనికి ఒకే కమాండ్ అంటూ లేదు, రెండు సెట్లు (జాబితాలు) కలిపి సాధించాలి. మొదటి సెట్‌లో వచ్చిన చిరునామా, తాకిన పోర్టు జంటగా 24 గంటలు ఉంటాయి. కొత్త కనెక్షన్ ప్యాకెట్ రాగానే ఆ జంట సెట్‌లో ఉందా అని చూస్తాం. ఉంటే ఏమీ రాయకుండా పడేస్తాం. లేకపోతే సెట్‌లో చేర్చి, లాగ్‌లో ఒక వరుస రాసి, రెండో సెట్‌కు పంపుతాం. రెండో సెట్‌లో చిరునామా ఒక్కటే ఉంటుంది, దానికి ఒక రేట్ పరిమితి ఉంటుంది. కొత్త జంటలు మాత్రమే అక్కడికి చేరతాయి కాబట్టి ఒకే పోర్టును వందసార్లు తాకినా అది ఒక్కటిగానే లెక్కకొస్తుంది. లాగ్‌లో కూడా ఒక్కో పోర్టుకు రోజుకు ఒకే వరుస. ఎవరు ఏయే పోర్టులు చూశారో చదవడం అలా చాలా తేలికవుతుంది.

రేట్ పరిమితి దగ్గర ఒక విషయం చాలామంది గమనించరు. బర్స్ట్ విలువ (ఒక్కసారిగా ఎన్నిటిని రానివ్వాలన్నది) రాయకపోతే ఎన్‌ఎఫ్‌టేబుల్స్ తనంతట తాను 5 తీసుకుంటుంది. నిమిషానికి 10 అని రాసినా, అంతా ఒక్కసారిగా వస్తే ఆరో పోర్టుకే మనిషి దొరికిపోయినట్టు లెక్క. నేను నిమిషానికి 10, బర్స్ట్ 10 అని రాశాను. అది దాటితే గంటసేపు బ్లాక్.

ఇది తొందరపడేవాళ్లకు సరిపోతుంది. ఎన్‌మ్యాప్‌లో టీ1 అనే నెమ్మది వేగంలో ఒక్కో ప్రయత్నానికి మధ్య 15 సెకన్లు, టీ0లో 5 నిమిషాలు. నిమిషానికి పది అనే పరిమితి వీళ్లకు ఎప్పటికీ తగలదు. అందుకని ఇంకో రేట్ సెట్, రోజుకు 20, బర్స్ట్ 20. అది దాటితే 24 గంటల బ్లాక్. శాశ్వత బ్లాక్ ఎక్కడా పెట్టలేదు. ఇవాళ స్కాన్ చేసిన మొబైల్ ఐపీ రేపు ఒక మిర్చి వ్యాపారి ఫోన్‌కు రావచ్చు.

బ్లాక్ రూల్ ఎక్కడ ఉండాలన్నది అసలు పాయింట్. చాలా గైడ్లు బ్లాక్ లిస్టును అన్నిటికన్నా ముందు పెట్టమంటాయి. వేగానికి అది మంచిదే. కానీ సిన్ ప్యాకెట్ మీద పంపినవాడి చిరునామాను దొంగగా రాయవచ్చు. ఎన్‌మ్యాప్‌లోనే డెకాయ్ అనే సౌకర్యం ఉంది. నేను వాడే డీఎన్‌ఎస్ సర్వర్ (సైట్ పేర్లను ఐపీలుగా మార్చేది) చిరునామాతో ఎవడైనా పోర్టులన్నీ తాకితే నా ఫైర్‌వాలే నా డీఎన్‌ఎస్‌ను బ్లాక్ చేస్తుంది, ఆఫీసంతా ఆగిపోతుంది. అందుకే ఎస్టాబ్లిష్డ్, రిలేటెడ్ ప్యాకెట్లను (ఇప్పటికే నడుస్తున్న కనెక్షన్లకు చెందినవి) ముందు అనుమతించి, ఆ తర్వాతే బ్లాక్ సెట్ చూసేలా పెట్టాను. అప్పుడు దొంగ చిరునామాతో ఎవరిని బ్లాక్ చేయించినా, మేం మొదలుపెట్టిన కనెక్షన్ల జవాబులు మామూలుగానే వస్తాయి. ఇలా కనెక్షన్లను గుర్తుపెట్టుకునే కనెక్షన్ ట్రాకింగ్‌కు కాస్త మెమరీ ఖర్చవుతుంది. ఒక ఆఫీసు లైనుకు అది లెక్కలోకి రాదు.

443కు వచ్చే ట్రాఫిక్ లోపలి సర్వర్‌కు మళ్లుతుంది కాబట్టి అది ఫార్వర్డ్ చెయిన్ (ఫైర్‌వాల్ దాటి వెళ్లే ప్యాకెట్ల రూల్స్ వరుస)లోకి వెళ్తుంది. మిగతా పోర్టులు తాకినవి ఇన్‌పుట్ చెయిన్ (ఫైర్‌వాల్‌కే వచ్చే ప్యాకెట్ల రూల్స్)లోకి వస్తాయి. బ్లాక్ సెట్‌ను ఇన్‌పుట్‌లో మాత్రమే చూస్తే, స్కాన్ చేసి దొరికినవాడు కూడా 443ను హాయిగా వాడుకుంటాడు. రెండు చెయిన్లలోనూ ఆ రూల్ ఉండాలి. అసలు ఈ కేసులో బ్లాక్ వల్ల లాభమంటూ ఉన్నది ఆ ఒక్క పోర్టుకే. మిగతావి ఎలాగూ మూసే ఉన్నాయి.

ఫిన్, నల్, క్రిస్మస్ స్కాన్‌ల విషయం వేరు. ఇవి సిన్‌కు బదులు వింత ఫ్లాగ్‌లున్న, లేదా ఏ ఫ్లాగూ లేని ప్యాకెట్లు పంపుతాయి. 1981 నాటి ఆర్‌ఎఫ్‌సీ 793 (టీసీపీ ప్రమాణ పత్రం) ప్రకారం ఇలాంటి ప్యాకెట్‌కు మూసిన పోర్టు రీసెట్ పంపాలి, తెరిచిన పోర్టు ఊరుకోవాలి. ఆ తేడాతోనే ఇవి పోర్టులను కనిపెడతాయి. కనెక్షన్ ట్రాకింగ్ వీటిని ఇన్‌వ్యాలిడ్ అంటుంది. నేను పడేసి, లెక్క మాత్రం పెట్టాను. ఆటో బ్లాక్ చేయలేదు. వైఫై నుంచి మొబైల్ డేటాకు మారిన ఫోన్ ఆలస్యంగా పంపే ఫిన్ (కనెక్షన్ ముగిసిందనే ప్యాకెట్) కూడా ఇన్‌వ్యాలిడ్‌గానే పడుతుంది, దానికి మనిషిని శిక్షించకూడదు.

ఐసీఎంపీ (పింగ్, నెట్‌వర్క్ లోపాల సందేశాలు వెళ్లే పద్ధతి) మొత్తం ఆపేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. ఆ పని చేయవద్దు. ప్యాకెట్ పెద్దదైందని చెప్పే టైప్ 3 కోడ్ 4 సందేశం ఆగిపోతే కొన్ని సైట్లు సగం తెరుచుకుని వేలాడతాయి, కారణం ఎవరికీ అర్థం కాదు. కొత్త తరం చిరునామాలైన ఐపీవీ6లో ఐసీఎంపీ లేకపోతే పక్క మెషిన్‌ను కనుక్కోవడమే జరగదు. రూల్స్ అన్నీ ఐనెట్ ఫ్యామిలీలో రాశాను, అందులో ఐపీవీ4, ఐపీవీ6 రెండూ వస్తాయి. ఐపీవీ4కు గట్టిగా రూల్స్ రాసి, ఐపీవీ6ను బార్లా తెరిచి వదిలేసిన ఫైర్‌వాల్స్ నేను చాలా చూశాను.

లోపలి వైపు

ఫైర్‌వాల్ తన గుండా వెళ్లే ట్రాఫిక్‌నే చూడగలదు. ఒకే స్విచ్ మీద, ఒకే నెట్‌వర్క్‌లో ఒక మెషిన్ ఇంకోదాన్ని స్కాన్ చేస్తే దానికి తెలియదు. అందుకని మేనేజ్డ్ స్విచ్ పెట్టి వీల్యాన్‌లుగా (ఒకే స్విచ్‌లో వేర్వేరు నెట్‌వర్కులుగా) విడదీశాను: ఆఫీసు, పబ్లిక్ వెబ్ సర్వర్, కెమెరాలు, కంట్రోలర్, అతిథుల వైఫై. కెమెరాలకు పాత 192.168.1.0/24నే వదిలేసి, మిగతావాటిని కొత్త నెట్‌వర్కులకు మార్చాను. కెమెరాలన్నిటికీ ఐపీలు చేత్తో పెట్టి ఉన్నాయి, నిచ్చెన వేసుకుని ఒక్కోదాన్నీ మార్చే శ్రమ తప్పింది. రికార్డర్‌ను కనీసం రీస్టార్ట్ కూడా చేయాల్సిన పని లేకపోయింది. ఇది తర్వాత ఎందుకు కలిసొచ్చిందో చెబుతాను.

లోపలి రూల్స్ బయటివాటికి పూర్తిగా భిన్నం. కంట్రోలర్ వీల్యాన్‌లోకి ప్లాంట్ ఆపరేటర్ కంప్యూటర్ ఒక్కటే వెళ్లగలదు, అదీ 502కే. కెమెరాల వీల్యాన్ ఎక్కడికీ కొత్త కనెక్షన్ మొదలుపెట్టకూడదు, టైమ్ సింక్ తప్ప. దాటిన ప్రతి ప్రయత్నం లాగ్‌లోకి. బయటివాళ్లకు డ్రాప్ (జవాబివ్వకుండా పడేయడం), లోపలివాళ్లకు రిజెక్ట్ (కుదరదని జవాబివ్వడం). ఆఫీసు సాఫ్ట్‌వేర్ ఒక తప్పు పోర్టుకు వెళ్తే వెంటనే రీసెట్ అందాలి. లేకపోతే స్క్రీన్ నిమిషాల తరబడి తిరుగుతూ ఉంటుంది, అకౌంటెంట్ నాకు ఫోన్ చేస్తారు.

లాగ్ రాసే పద్ధతి

కర్నెల్ లాగ్‌లోకి నేరుగా రాస్తే మిగతా ముఖ్యమైన సందేశాలు అందులో కలిసిపోతాయి. ఎన్‌ఎఫ్‌లాగ్ గ్రూపుకు పంపి, యూలాగ్‌డీ2 అనే లాగ్ ప్రోగ్రామ్‌తో వేరే ఫైల్‌లో రాయించాను. బయటి స్కాన్‌కు, లోపలి స్కాన్‌కు వేర్వేరు ప్రిఫిక్స్ (వరుస మొదట్లో వచ్చే గుర్తు). వరుసలు మరీ ఎక్కువైతే డిస్క్ నిండకుండా సెకనుకు ఇన్ని అని హద్దు పెట్టాను. జంటల సెట్‌కు కూడా 65,535 అని హద్దు ఉంది. దొంగ చిరునామాలతో ఎవరైనా దాన్ని నింపేస్తే కొత్త జంట చేరదు, ఆ రూల్ అక్కడితో ఆగుతుంది, ప్యాకెట్ కిందికి జారి చెయిన్ పాలసీ ప్రకారం డ్రాప్ అవుతుంది. పోయేది లాగ్ మాత్రమే, రక్షణ కాదు.

అదే లాగ్ ఇంకో మెషిన్‌కు కూడా వెళ్తుంది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు తమ లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి, గడియారాలను ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైమ్ సర్వర్లతో కలపాలి, జాబితాలో ఉన్న ఘటన ఏదైనా తెలిసిన 6 గంటల్లో తెలియజేయాలి. గడియారం తప్పుంటే లాగ్‌కు విలువే లేదు. టైమ్ సింక్‌ను అన్నిటికన్నా ముందు సరిచేసింది అందుకే.

బయటి స్కాన్‌ల లాగ్ కొన్నాళ్లు చదివితే ముఖాలు గుర్తుపట్టినట్టే ఉంటుంది. ప్యాకెట్ మీద ఐపీ ఐడీ 54321 అని ఉంటే చాలావరకు జీమ్యాప్. టీసీపీ విండో విలువ 1024తో వచ్చే ఒంటరి సిన్‌లు చాలావరకు ఎన్‌మ్యాప్, మాస్‌స్కాన్ లాంటివి. 445 మీద ఇప్పటికీ తాకుతూనే ఉంటారు, 2017 మేలో వనాక్రై రాన్సమ్‌వేర్ పాకింది ఆ పోర్టు గుండానే. వీటిని చూసి కంగారు పడనక్కర్లేదు.

పరీక్ష

బయటి నుంచి మళ్లీ ఎన్‌మ్యాప్. మామూలు వేగంతో చేసిన సిన్ స్కాన్ కళ్లు మూసి తెరిచేలోపు బ్లాక్ అయింది. లాగ్‌లో మొదటి కొన్ని పోర్టులు, ఆ తర్వాత బ్లాక్ వరుస. టీ1 స్కాన్‌ను రోజు పరిమితి కొన్ని నిమిషాల్లో, టీ0ను కొన్ని గంటల్లో పట్టుకుంది. ఫిన్, క్రిస్మస్ స్కాన్‌లకు జవాబే వెళ్లలేదు. బలహీనమైన సిగ్నల్ ఉన్న ఫోన్ నుంచి నిల్వల పేజీని పదేపదే తెరిచి చూశాం, ఒక్కసారీ బ్లాక్ కాలేదు. కనెక్షన్ పెట్టుకోకుండా పంపే యూడీపీ ప్యాకెట్లకు కూడా ఇదే తరహా జంటల సెట్ ఉంది, అందులో చెప్పుకోదగ్గ విశేషం లేదు.

రికార్డర్

వీల్యాన్‌లు మార్చిన సాయంత్రమే లోపలి లాగ్ ఫైల్ ఉబ్బడం మొదలైంది. వరుసలన్నీ ఒకే మూలం నుంచి, కెమెరాల రికార్డర్ నుంచి. గమ్యాలు ప్రపంచంలో ఎక్కడెక్కడివో చిరునామాలు. పోర్టు ఎక్కువగా 23, మధ్యమధ్యలో 2323. కెమెరా రికార్డర్‌కు టెల్‌నెట్‌తో బయట ఏం పని?

లాగ్‌లో టీసీపీ సీక్వెన్స్ నంబరు (డేటా వరుసను చెప్పే సంఖ్య) కూడా ఉంది. దాన్ని గమ్యం చిరునామాతో పోల్చి చూశాను. చిరునామాను ఒకే పెద్ద సంఖ్యగా రాస్తే, ఉదాహరణకు 203.0.113.45ను 3405803821గా రాస్తే, సీక్వెన్స్ నంబరు సరిగ్గా అదే. ప్రతి వరుసలోనూ అంతే. ఇది కెమెరాల్లాంటి పరికరాలకు సోకే మిరాయ్ మాల్వేర్ కుటుంబం వేలిముద్ర. మిరాయ్ సోర్స్ కోడ్ 2016లో బయటపడింది. అందులో స్కాన్ చేసే భాగం గమ్యం చిరునామానే సీక్వెన్స్ నంబరుగా వాడుతుంది, పదింట ఒక వంతు 2323కు, మిగతావి 23కు పంపుతుంది. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాలు, రికార్డర్లే దాని ఆహారం.

అంటే యజమాని గారిని భయపెట్టిన స్కాన్‌ల లాంటివే, ఆయన సొంత రికార్డర్ వేరే ఎవరెవరి మీదో చేస్తూ ఉంది. పాత రూటర్ బయటి నుంచి వచ్చేవి మాత్రమే రాసేది కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఇంటర్నెట్ నెమ్మదిగా ఉందని లైను కంపెనీని తిట్టుకునేవారట. మిరాయ్ కోడ్ ప్రైవేటు చిరునామాలను వదిలేస్తుంది, అందుకే కంట్రోలర్ వైపు రాలేదు. అది దాని స్వభావం వల్ల దక్కిన అదృష్టమే తప్ప, పాత నెట్‌వర్క్‌లో ఎవరో చేసిన ఏర్పాటు వల్ల కాదు.

మిరాయ్ మెమరీలోనే ఉంటుంది, పరికరం రీస్టార్ట్ చేస్తే పోతుంది. వీల్యాన్‌లు మార్చేటప్పుడు రికార్డర్‌ను ఆఫ్ చేసి ఉంటే ఈ ఆధారం దొరికేదే కాదు. లాగ్ భద్రపరిచాకే దాన్ని ఆపాం. మళ్లీ ఆన్ చేసి కాసేపు గమనిస్తే స్కాన్ వరుసలు ఆగిపోయాయి, అనుమానం గట్టిపడింది. అయినా నమ్మకుండా ఫ్యాక్టరీ రీసెట్, కొత్త ఫర్మ్‌వేర్, కొత్త పాస్‌వర్డ్, టెల్‌నెట్ పూర్తిగా బంద్. ఐఓటీ (ఇంటర్నెట్‌కు కలిపిన) పరికరాల మీద దాడులు కూడా సెర్ట్-ఇన్ జాబితాలో ఉన్నాయి కాబట్టి గడువులోపే కంపెనీ తరఫున లాగ్‌తో సహా రిపోర్ట్ పంపించాం.

కెమెరాలు ఫోన్‌లో చూడటానికి, ఆడిటర్ ట్యాలీ చూడటానికి వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (బయటి నుంచి లోపలికి భద్రమైన దారి) పెట్టాను. సరైన కీ లేని ప్యాకెట్‌కు వైర్‌గార్డ్ అసలు జవాబే ఇవ్వదు, అందుకే పోర్ట్ స్కాన్‌లో అది కనబడదు. 3389, 554, 80, 23 అన్నీ మూసేశాం. బయటి నుంచి చూస్తే ఇప్పుడు 443 ఒక్కటే ఉంది. యజమాని గారికి ఫోన్‌లో ఒక బటన్ నొక్కి ఆ తర్వాత కెమెరా యాప్ తెరవడం మొదట్లో విసుగనిపించింది. ఇప్పుడు కెమెరాలు మధ్యలో ఆగడం లేదు కాబట్టి ఏమీ అనడం లేదు.

మేనేజరు గారికి రోజూ ఉదయం ఒక చిన్న మెయిల్ వెళ్తుంది. బయటి స్కాన్‌ల గురించి అందులో ఒక్క వరుసే, ఎంతమంది బ్లాక్ అయ్యారని. లోపలి నుంచి రూల్ దాటిన పరికరం ఉంటే దాని పేరు, అది తాకిన పోర్టు పైన పెద్ద అక్షరాల్లో వస్తాయి. రికార్డర్ తర్వాత అలా వచ్చింది ఒక ప్రింటర్. అది తన తయారీ కంపెనీ సర్వర్‌కు వెళ్లబోయింది, అంతే. ఇంకా మిగిలిన పని ఒకటి ఉంది. రెండో ఇంటర్నెట్ లైను తీసుకోబోతున్నారు, దాంట్లో ఐపీవీ6 కూడా వస్తుంది. ఐపీవీ6లో ఒకే మనిషి దగ్గర లెక్కలేనన్ని చిరునామాలు ఉంటాయి. కాబట్టి సెట్లలో పూర్తి చిరునామాకు బదులు /64 (చిరునామా మొదటి సగం) వరకే తీసుకుని లెక్కపెట్టేలా మార్చి, లైను వచ్చే ముందే పరీక్షించాలి.